బెర్నార్డ్ ద్రోహం చేసింది ఏ రాజుకి? తొమ్మిదో శతాబ్దపు ఒక ఫ్రాంకు దొర కథ

841 జూన్ 25. ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఓసేర్ పట్టణానికి దగ్గర్లో ఫోంతెన్వా అనే చోట అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగారు. ఒకవైపు పెద్దన్న లోథార్, అతనితో చేతులు కలిపిన అన్నదమ్ముల బిడ్డ రెండో పెపిన్. ఇంకోవైపు తమ్ముళ్లు లూయీ, చార్లెస్. ఆ అన్నదమ్ముల తాత, ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కట్టిన సామ్రాజ్యం ఎవరికి ఎంత అన్నది ఆ పొలాల్లో తేలాలి. అక్కడికి మూడు లీగుల దూరంలో, అంటే గుర్రం మీద చప్పున చేరుకోగలిగినంత దగ్గర్లో, దక్షిణాన ఉన్న సెప్టిమేనియా ప్రాంతపు దొర బెర్నార్డ్ ఆగి ఉన్నాడు. ఎవరికీ సాయం రాలేదు. చార్లెస్ పక్షం గెలిచిందని తెలిశాక తన పెద్దకొడుకు విలియమ్‌ని చార్లెస్ దగ్గరికి పంపాడు. బర్గండీలో కొడుక్కి రావలసిన పదవీ భూములూ ఇస్తే వాడు మీకు విధేయుడిగా ఉంటాడని కబురు.

ఇది రాసినవాడు నితార్డ్. షార్లమేన్‌కి కూతురి కొడుకు, ఆ రోజు చార్లెస్ తరఫున కత్తి పట్టినవాడు. అతని మాటలు చదివిన ఎవరికైనా బెర్నార్డ్ గోడమీద పిల్లిలా కనిపిస్తాడు. మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. పైగా అతని జీవితమంతా అలాగే నడిచినట్టు కనిపిస్తుంది: ఒక చక్రవర్తికి కుడిభుజం, తర్వాత అదే చక్రవర్తి మీద కుట్రదారు, మళ్లీ అతన్ని సింహాసనం ఎక్కించినవాళ్లలో ఒకడు, చివరికి ఆ చక్రవర్తి కొడుకు చేతిలో రాజద్రోహిగా తల కోల్పోయినవాడు.

కానీ దగ్గరికి వెళ్లి చూస్తే ఈ కథ వేరేగా ఉంటుంది. బెర్నార్డ్ మంచివాడని చెప్పడం నా ఉద్దేశం కాదు, భార్య విషయంలో అతను చేసినవి నాకు మింగుడుపడవు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: రాజు ఇంట్లోనే నలుగురు రాజులు తయారైనప్పుడు, వాళ్ల చేతి మీదుగా బతికే దొరకి విశ్వాసంగా ఉండే దారి మూసుకుపోయింది. ఎవరి వైపు నిలబడినా ఇంకొకరికి ద్రోహమే. "ద్రోహి" అన్న ముద్ర అతని గుణం కంటే ఆ ఏర్పాటు గురించే ఎక్కువ చెబుతుంది.

తండ్రి నీడ

బెర్నార్డ్ తండ్రి పేరు విలియమ్. తులూజ్ కౌంట్, అంటే రాజు తరఫున ఆ ప్రాంతాన్ని ఏలే దొర. షార్లమేన్‌కి దగ్గరి బంధువు. 793లో స్పెయిన్ నుంచి వచ్చిన ముస్లిం సైన్యాన్ని ఓర్బియో నది దగ్గర ఎదుర్కొని ఓడిపోయాడు, కానీ ఆ పోరాటంతోనే పేరు మోగిపోయింది. 801లో బార్సిలోనా ఫ్రాంకుల చేతికి చిక్కినప్పుడు ఆ సైన్యంలో ఉన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే అన్నీ వదిలేసి, కొండల నడుమ జెలోన్‌లో తానే కట్టించిన మఠంలో సన్యాసిగా చేరాడు. తర్వాతి కాలంలో అతన్ని పునీతుడిగా కొలిచారు, వీరగాథల్లో నాయకుణ్ని చేశారు. ఆ ఊరు ఈరోజుకీ అతని పేరుతోనే ఉంది: సాఁ-గిలెమ్-లె-దేజేర్.

అలాంటి తండ్రికి పుట్టినవాడికి ఆస్తి కంటే ముందు పేరు దక్కుతుంది. దానికితోడు బెర్నార్డ్ బాప్తిస్మానికి షార్లమేన్ కొడుకు లూయీ స్వయంగా జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. తర్వాత చక్రవర్తి అయింది ఈ లూయీయే, చరిత్రలో "భక్తుడు లూయీ" అని పేరు. అంటే అప్పటి లెక్కలో బెర్నార్డ్ రాజకుటుంబానికి బయటివాడు కాదు, లోపలి మనిషే.

అతనికి అధికారం దక్కిన చోటు మాత్రం సరిహద్దు. సెప్టిమేనియా అంటే రోన్ నదికీ పిరనీస్ పర్వతాలకీ మధ్య సముద్రం వెంట ఉన్న ప్రాంతం, నార్బొన్ దాని ముఖ్య నగరం. ఒకప్పుడు విసిగోతులనే జాతిది (క్లుప్తంగా గోతులు), తర్వాత ముస్లింలది, 759 నుంచి ఫ్రాంకులది. అక్కడి గోతులకి వాళ్ల సొంత చట్టం, వాళ్ల సొంత పెద్దలు. పర్వతాలకి అవతల బార్సిలోనా, జిరోనా. వాటిని దాటితే ముస్లిం స్పెయిన్‌ని ఏలే కార్డోబా అమీరు రాజ్యం. ఫ్రాంకు దొర అక్కడ పాలించాలంటే ఉత్తరాన రాజునీ, కింద గోతు పెద్దల్నీ, దక్షిణాన అమీరునీ ఒకేసారి కనిపెట్టుకుని ఉండాలి.

అంతకు ముందు బార్సిలోనా కౌంట్‌గా ఉన్న బెరాకి ఏమైందో చూస్తే ఆ కుర్చీ ఎలాంటిదో తెలుస్తుంది. 820లో సనిలా అనే గోతు పెద్ద అతని మీద రాజద్రోహం మోపాడు. ఇద్దరూ గోతులే కాబట్టి వాళ్ల ఆచారం ప్రకారం ఆఖెన్ రాజధానిలో గుర్రాల మీద ద్వంద్వయుద్ధం పెట్టారు. బెరా ఓడిపోయాడు. ఓడినవాడు దోషి, దోషికి మరణమే శిక్ష. చక్రవర్తి జాలిపడి ప్రాణం వదిలి రువాఁకి ప్రవాసం పంపాడు. ఈ సనిలా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

826లో బార్సిలోనా బెర్నార్డ్ చేతికొచ్చింది.

హొనోరెస్ అంటే ఏమిటి?

ఈ కథలో అసలు ముడి ఇక్కడుంది, కాస్త ఓపికగా చూద్దాం. అప్పటి లాటిన్ రాతల్లో పదేపదే కనిపించే మాట "హొనోరెస్". అక్షరార్థం గౌరవాలు. కానీ వాడుకలో దాని అర్థం పదవి, ఆ పదవితో పాటు వచ్చే భూములు, వాటి రాబడి, అన్నీ కలిపి ఒక మూట. మనకి తెలిసిన మాటల్లో జాగీరు దగ్గరగా వస్తుంది. ఒక దొరకి తాతతండ్రుల సొంత భూమి కూడా ఉండేది, దాన్ని రాజు తేలిగ్గా ముట్టుకోలేడు. కానీ వందల మంది గుర్రపు సైనికుల్ని పోషించే రాబడి, నలుగురు తల వంచే హోదా వచ్చేది హొనోరెస్ నుంచే. అవి రాజు ఇస్తే వస్తాయి, రాజు తీసేస్తే పోతాయి. కొడుక్కి దక్కాలని ప్రతి తండ్రీ ఆశపడతాడు, కానీ దక్కుతాయన్న హామీ లేదు.

షార్లమేన్ కాలంలో ఇది అంత టెన్షన్ పెట్టలేదు. ఏటేటా యుద్ధాలు, కొత్త దేశాలు, కొత్త దోపిడీ, కొత్త పదవులు. ఒకరికి ఇవ్వడానికి ఇంకొకరి దగ్గర లాక్కోవలసిన అవసరం తక్కువ. లూయీ కాలానికి రాజ్యం పెరగడం ఆగిపోయింది. పళ్లెంలో ఉన్నదే ఉంది, కూర్చున్నవాళ్లు మాత్రం పెరిగారు. ఇక ఒకరికి పదవి రావాలంటే ఇంకొకరికి ఊడాలి. ఒకడు లేచాడంటే వాడి పక్కన పదవి పోయినవాడు ఒకడు కసితో కూర్చుని ఉంటాడు.

బెర్నార్డ్‌కి సరిగ్గా ఇదే జరిగింది. 826లో ఆయిజో అనే వ్యక్తి ఆఖెన్ రాజభవనం నుంచి తప్పించుకుని సరిహద్దుకొచ్చి తిరుగుబాటు లేవదీశాడు. కార్డోబా అమీరు రెండో అబ్దుర్రహ్మాన్ సాయం కోరాడు. 827లో అమీరు సైన్యం బార్సిలోనా, జిరోనా పరిసరాల్ని తగలబెట్టి వెళ్లింది. బెర్నార్డ్ కోటలు వదలకుండా నిలబడ్డాడు. అతనికి సాయంగా ఉత్తరం నుంచి పంపిన సైన్యం మాత్రం శత్రువు వెళ్లిపోయాక తాపీగా వచ్చింది. ఆ సైన్యాన్ని నడిపిన ఇద్దరు పెద్దలు టూర్స్ కౌంట్ హ్యూ, ఓర్లెయాఁ కౌంట్ మాట్‌ఫ్రిడ్. 828 ఫిబ్రవరిలో ఆఖెన్ సభలో ఇద్దరి పదవులూ పీకేశారు. మాట్‌ఫ్రిడ్ చేతిలోని ఓర్లెయాఁ ఎవరికి పోయింది? బెర్నార్డ్ బంధువు ఓడోకి. హ్యూ ఎవరు? చక్రవర్తి పెద్దకొడుకు లోథార్‌కి పిల్లనిచ్చిన మామ.

అంటే ముప్పై ఏళ్లు దాటీ దాటకముందే, ఊరు కాపాడుకున్నందుకు బెర్నార్డ్‌కి రాబోయే చక్రవర్తి మామగారు శత్రువయ్యాడు.

చక్రవర్తి ఇంట్లో చిచ్చు

లూయీకి మొదటి భార్య వల్ల ముగ్గురు కొడుకులు: లోథార్, పెపిన్, లూయీ. 817లోనే ఆస్తి పంపకం రాసిపెట్టాడు. లోథార్‌కి చక్రవర్తి బిరుదు, పెద్దరికం. పెపిన్‌కి నైరుతి ఫ్రాన్స్‌లోని అక్విటేన్. చిన్న లూయీకి బవేరియా. పెద్దలందరి చేత ప్రమాణం చేయించాడు. ఆ తర్వాత భార్య చనిపోయింది, 819లో జూడిత్‌ని పెళ్లి చేసుకున్నాడు, 823లో చార్లెస్ పుట్టాడు. నాలుగో కొడుక్కి వాటా పెట్టాలంటే మిగతా ముగ్గురి వాటాల్లోంచే తియ్యాలి, దేవుడి ముందు చేయించిన ప్రమాణాన్ని తానే తిరగరాయాలి.

829 ఆగస్టులో వార్మ్స్ సభలో లూయీ ఆ పని చేశాడు. ఆరేళ్ల చార్లెస్‌కి అలమానియా అనే ప్రాంతం ఇచ్చాడు. లోథార్‌ని ఇటలీకి పంపేశాడు. బెర్నార్డ్‌ని బార్సిలోనా నుంచి పిలిపించి రాజభవనంలో చాంబర్లేన్‌గా పెట్టాడు, చార్లెస్‌ని అతని చేతిలో పెట్టాడు. సామ్రాజ్యంలో తన తర్వాతివాడు బెర్నార్డే అన్నట్టు నిలబెట్టాడని నితార్డ్ రాశాడు.

ఎందుకు బెర్నార్డే? లోథార్ మామకి బద్ధశత్రువు కాబట్టి ఆ గుంపుతో ఎన్నటికీ కలవడు. జ్ఞానపుత్రుడు కాబట్టి ఇంటి మనిషి. సరిహద్దులో నిలబడి చూపించాడు కాబట్టి ధైర్యవంతుడు. లూయీ లెక్క తప్పేమీ కాదు. కానీ దాన్ని అవతలివాళ్లు ఎలా చదివారు? మన పదవులు పోయినవి ఎవరి వల్లో వాడినే తెచ్చి నెత్తిన కూర్చోబెట్టారని. లూయీ జీవితచరిత్ర రాసిన ఒక రచయిత చెప్పినట్టు, ఆ నియామకం అసమ్మతి విత్తనాన్ని అణిచివేయలేదు, ఇంకా మొలకెత్తించింది.

ఏడాది తిరక్కుండానే పుకారు లేచింది: బెర్నార్డ్‌కీ రాణి జూడిత్‌కీ అక్రమ సంబంధం ఉందని. మంత్రతంత్రాలతో చక్రవర్తి కళ్లు కప్పేశారని. ల్యోన్ ఆర్చిబిషప్ అగోబార్డ్ రాణి మీద ఘాటుగా రాశాడు. కోర్బీ మఠానికి చెందిన పాస్కాసియస్ రాడ్బెర్టస్ బెర్నార్డ్‌కి "నాసో" అని మారుపేరు పెట్టి, రాజభవనం వ్యభిచార గృహంగా మారిందని రాశాడు.

ఇది నిజమా అని అందరూ అడుగుతారు. నేను అడిగేది ఇంకొకటి: ఈ ఆరోపణ అంత తేలిగ్గా ఎందుకు అతుక్కుంది? జవాబు ఆ ఉద్యోగంలోనే ఉంది. ఫ్రాంకు రాజభవనంలో చాంబర్లేన్ అంటే ఖజానా చూసుకునేవాడు, రాజు నగలూ వస్త్రాలూ చూసుకునేవాడు, ఏటా సైనికులకి ఇచ్చే కానుకలు సర్దేవాడు. ఈ పనులన్నీ అతను చేసేది ఎవరి కింద? రాణి కింద. రాజు రాజ్యం గురించి ఆలోచించాలి, ఇల్లు నడపడం రాణిదీ ఆమె కింద చాంబర్లేన్‌దీ అన్నది ఆ కాలపు పద్ధతి, తర్వాతి తరంలో రీమ్స్ ఆర్చిబిషప్ హింక్‌మార్ దాన్ని రాసిపెట్టాడు కూడా. అంటే రోజూ రాణితో కూర్చుని లెక్కలు మాట్లాడడం బెర్నార్డ్ డ్యూటీ. ఎవరు ఎప్పుడు చూసినా ఇద్దరూ కలిసే కనిపిస్తారు. పుకారుకి అంతకంటే ఏం కావాలి?

పుకారు వల్ల ఒరిగేది కూడా పెద్దదే. "చక్రవర్తి పంపకం మాకు నచ్చలేదు" అంటే అది తిరుగుబాటు. "తండ్రిని మోసం నుంచి కాపాడుతున్నాం" అంటే అది కొడుకుల ధర్మం. ఒక ఆడమనిషి శీలం మీద వేసిన మచ్చతో ఆస్తి తగాదా ధర్మయుద్ధంగా మారిపోయింది. ఆరోపించినవాళ్లంతా ఆ పంపకంలో నష్టపోయినవాళ్లో, వాళ్ల మనుషులో. నా మటుకు నేను ఈ ఆరోపణని నమ్మను.

830 వసంతంలో లూయీ, ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ మీద దండయాత్ర అన్నాడు. ఈస్టర్ పండగ ముందు ఉపవాస దినాల్లో, బురద దారుల్లో, ఆ పేద దేశం మీదికి ఎవరికీ వెళ్లాలని లేదు. పోగైన సైన్యమే తిరుగుబాటు సైన్యంగా మారింది. పెపిన్ వచ్చి కలిశాడు, తర్వాత ఇటలీ నుంచి లోథార్ వచ్చాడు. బెర్నార్డ్ బార్సిలోనాకి పారిపోయాడు. జూడిత్‌ని పువాతియేలోని సన్యాసినుల మఠంలో పెట్టారు. బెర్నార్డ్ తమ్ముడు హెరిబర్ట్ దొరికిపోయాడు, అతని కళ్లు తీయించారు. ఓడోని పదవి పీకి ప్రవాసం పంపారు.

అక్టోబర్ నాటికి గాలి తిరిగింది. లూయీ మళ్లీ నిలదొక్కుకున్నాడు. 831 ఫిబ్రవరిలో జూడిత్ ఆఖెన్ సభలో తాను నిర్దోషినని ప్రమాణం చేసింది, ఆరోపించడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అదే ఏడు తియాఁవిల్ సభకి బెర్నార్డ్ వచ్చి, నా మీద నేరం మోపేవాడు ఎవడో కత్తి పట్టుకుని రమ్మన్నాడు. ఎవరూ రాలేదు. అప్పుడు అతనూ ప్రమాణం చేసి బయటపడ్డాడు.

బయటపడ్డాడు గానీ చాంబర్లేన్ పదవి తిరిగి రాలేదు. నిర్దోషి అని తేలినా లూయీకి అతన్ని పక్కన పెట్టుకునే ధైర్యం లేదు. జ్ఞానతండ్రి కోసం తమ్ముడి కళ్లు పోగొట్టుకున్నవాడికి దక్కింది ఇది. అతను అక్విటేన్ రాజు పెపిన్ వైపు జరిగాడు. 832లో పెపిన్ తండ్రికి ఎదురుతిరిగితే, వెనకుండి నడిపించింది బెర్నార్డే అని లూయీ అతని హొనోరెస్ అన్నీ లాగేసి బెరెంగార్ అనే కౌంట్‌కి ఇచ్చేశాడు. మొదటి ద్రోహం అంటే ఇదే. అయితే ఒక్క మాట: పెపిన్ కూడా రాజే, చక్రవర్తి స్వయంగా పట్టం కట్టిన రాజు. బెర్నార్డ్ భూములున్న దక్షిణానికి పక్కనే ఉన్న రాజు.

శాలోన్‌లో జరిగినది

833లో ముగ్గురు కొడుకులూ కలిసి కోల్మార్ దగ్గర తండ్రిని చుట్టుముట్టారు. రాత్రికి రాత్రి లూయీ మనుషులు ఒక్కొక్కరూ అవతలి గుడారాల్లోకి జారుకున్నారు. ఆ చోటికి "అబద్ధాల పొలం" అని పేరుపడింది. చక్రవర్తి చేత స్వాసోఁలో అందరి ముందూ ప్రాయశ్చిత్తం చేయించి ఆయుధాలు తీయించారు. కానీ లోథార్ పెత్తనం తమ్ముళ్లకే నచ్చలేదు. 834 మార్చి 1న లూయీ మళ్లీ చక్రవర్తి అయ్యాడు. ఆ పని కోసం బర్గండీలో మనుషుల్ని కూడగట్టినవాళ్లలో కౌంట్ వారిన్‌తో పాటు బెర్నార్డ్ ఉన్నాడు. రెండేళ్ల కింద తన సర్వస్వం లాక్కున్న చక్రవర్తి కోసం!

లోథార్ వెనక్కి తగ్గుతూ సోన్ నది ఒడ్డున శాలోన్ పట్టణాన్ని ముట్టడించాడు. కొన్ని రోజులకి పట్టణం లొంగింది. బెర్నార్డ్ అన్నదమ్ముడు గాసెల్మ్‌కి లోథార్ తల తీయించాడు. పద్నాలుగేళ్ల కింద ఆఖెన్‌లో బెరాని గుర్రం మీద ఓడించిన సనిలా కూడా ఆ రోజు అక్కడే చచ్చిపోయాడు, అదే శిక్షతో.

ఊళ్లో గెర్బెర్గా అనే సన్యాసిని ఉంది, బెర్నార్డ్ చెల్లెలు. ఆమె కత్తి పట్టలేదు, కోట కాయలేదు. మంత్రగత్తె అన్నారు. ఒక పీపాలో పెట్టి మూసి సోన్ నదిలో పడేశారు. రాణి మీద, బెర్నార్డ్ మీద నాలుగేళ్ల కింద అల్లిన మంత్రతంత్రాల కథకి ఎవరో ఒకరు శిక్ష అనుభవించాలి. బెర్నార్డ్ దొరకలేదు, చెల్లెలు దొరికింది. రాజకీయం కోసం పుట్టించిన పుకారు ఒక మనిషిని నీళ్లలో ముంచేదాకా వచ్చింది. ఈ కథలో నన్ను అన్నిటికంటే వెంటాడేది ఈ పీపాయే.

835లో బెరెంగార్ చనిపోయాడు. పోయిన హొనోరెస్ బెర్నార్డ్ చేతికి తిరిగొచ్చాయి.

ఉజెస్‌లో ఒక భార్య

ఇంతవరకూ చెప్పిన మాటలన్నీ బెర్నార్డ్ శత్రువులో, అవతలి పక్షం వాళ్లో, రాజుల మనుషులో రాసినవి. అతని ఇంట్లోంచి వచ్చిన గొంతు ఒకటే ఉంది, అది అతని భార్య దువోడాది. కొడుకు విలియమ్ కోసం ఆమె లాటిన్‌లో ఒక పుస్తకం రాసింది. 841 నవంబర్ 30న మొదలుపెట్టి 843 ఫిబ్రవరి 2న ముగించింది. తేదీలు ఆమే రాసుకుంది.

824 జూన్ 29న ఆఖెన్ రాజభవనంలో పెళ్లి. 826 నవంబర్ 29న విలియమ్ పుట్టాడు. రెండో కొడుకు పుట్టింది 841 మార్చి 22న, దక్షిణ ఫ్రాన్స్‌లోని ఉజెస్‌లో. మధ్యలో పద్నాలుగేళ్లకు పైనే. భర్త ఆజ్ఞ ప్రకారం చాలా కాలంగా ఈ ఊళ్లోనే ఉంటున్నానని రాసింది.

రెండోవాడికి ఇంకా బాప్తిస్మం కూడా కాలేదు. ఉజెస్ బిషప్ ఎలెఫాంటుస్‌నీ మరికొందరు నమ్మకస్తుల్నీ తోడిచ్చి, పసివాణ్ని అక్విటేన్‌లో ఉన్న తన దగ్గరికి తెప్పించుకున్నాడు బెర్నార్డ్. పుస్తకంలో ఆమె పెద్దకొడుక్కి చెబుతుంది: నీ తమ్ముడు పెద్దవాడై చదవడం నేర్చుకున్నాక ఇది వాడికి చూపించు. వాడి పేరు ఆమెకి తెలియదు. తను కన్న బిడ్డని ఏ పేరుతో పిలుస్తున్నారో తెలియకుండానే ఆ తల్లి వాడి గురించి రాసింది.

పుస్తకం చివర్లో అప్పుల సంగతి ఉంది. సరిహద్దులోనూ ఇతర చోట్లా నా దొరకి నేను చేసే సేవలో లోటు రాకూడదని పెద్దపెద్ద మొత్తాలు అప్పు చేశాను, క్రైస్తవుల దగ్గరే కాదు యూదుల దగ్గర కూడా తెచ్చాను, తీర్చగలిగింది తీర్చాను, ఇంకా తీరుస్తాను, నేను పోయాక ఏమైనా మిగిలితే నువ్వు తీర్చు నాయనా అని కొడుకుని వేడుకుంటుంది. ఎందుకు చేసిందో కూడా దాచలేదు: కొందరు మగవాళ్లు చేసినట్టు ఆయన నన్నూ నిన్నూ వదిలేయకూడదని.

బెర్నార్డ్ రాజకీయాలకి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో ఏ వార్షిక వృత్తాంతమూ చెప్పలేదు. గుర్రాలకి, మనుషులకి, కానుకలకి, పోయిన పదవులు మళ్లీ పట్టుకునేదాకా మనుషులు జారిపోకుండా నిలుపుకోవడానికి ఉజెస్‌లో ఒక ఆడమనిషి వడ్డీ వ్యాపారుల గుమ్మాలెక్కింది. హొనోరెస్ ఊడిపోవడం అంటే ఒక ఇంట్లో ఏమవుతుందో ఈ నాలుగు మాటల్లో ఉంది. భర్త మీద ఆమె ఒక్క మాట తూలలేదు. "నా దొర" అనే రాసింది.

విలియమ్ ప్రార్థించాల్సిన చనిపోయినవాళ్ల పేర్లు కూడా రాసిపెట్టింది, భర్త వైపు వాళ్లవి. వాటిలో గాసెల్మ్ పేరుంది. గెర్బెర్గా పేరుంది.

రాజకీయం తెలియని మనిషి కాదు దువోడా. చార్లెస్ కొలువులో ఉన్న పదిహేనేళ్ల కొడుక్కి ఆమె చెప్పే వరస చూడండి: ముందు తండ్రి, తర్వాత రాజు. తండ్రిని ప్రేమించు, మన్నించు, నీ హోదా ఆయన వల్లే వచ్చింది. ఆ తర్వాత, ఆయన నీకు ఎంచి ఇచ్చిన దొర చార్లెస్‌కి నిజాయితీగా ఉండు. మామూలు రోజుల్లో ఈ రెండిటికీ గొడవ లేదు. తండ్రికీ రాజుకీ చెడితే కొడుకు ఎటు పోవాలి? ఆమె వరస ప్రకారమైతే జవాబు తెలిసినదే.

ఫోంతెన్వా, తర్వాత

ఇప్పుడు మొదటికి వద్దాం. 838 చివర్లో అక్విటేన్ పెపిన్ చనిపోయాడు. ముసలి చక్రవర్తి అక్విటేన్‌ని మనవడికి ఇవ్వకుండా చార్లెస్‌కి ఇచ్చాడు. అక్కడి దొరల్లో చాలామంది మనవణ్నే, రెండో పెపిన్‌నే, రాజుగా నిలబెట్టారు. 840 జూన్ 20న లూయీ చనిపోయాడు. బెర్నార్డ్‌కి తులూజ్ వైపు భూములు, సెప్టిమేనియా, సరిహద్దు అన్నీ ఉన్నది ఈ అక్విటేన్ గుమ్మంలోనే. పక్కనున్నవాడు రెండో పెపిన్. దూరం నుంచి వస్తున్నవాడు చార్లెస్, ఒకప్పుడు తన చేతిలో పెట్టిన పిల్లవాడు, ఇప్పుడు పదిహేడేళ్ల రాజు.

ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఎవరితోనూ ఒప్పందం చేసుకోకూడదని బెర్నార్డ్, పెపిన్ ముందే ప్రమాణం చేసుకున్నారు. 841 మొదట్లో చార్లెస్ పిలిస్తే బెర్నార్డ్ ఆ ప్రమాణం చెప్పి జాగు చేశాడు. చార్లెస్ ఉన్నట్టుండి అతని మీద పడ్డాడు. మనుషులు చచ్చారు, సామాను దోచుకున్నారు, బెర్నార్డ్ ప్రాణాలతో తప్పించుకుని తర్వాత వచ్చి లొంగాడు. పెపిన్‌ని నీ దారికి తెస్తానని మాటిచ్చాడు.

జూన్ 25న అతను మూడు లీగుల దూరంలో ఆగింది ఈ స్థితిలో. యుద్ధంలోకి దిగితే ఎవరికి వ్యతిరేకంగా? పెపిన్‌తో ప్రమాణం ఉంది. చార్లెస్‌కి లొంగుబాటు ఉంది. లోథార్ తన అన్నదమ్ముణ్నీ చెల్లెల్నీ చంపినవాడు, పెపిన్ ఇప్పుడు అతని పక్కనే నిలబడ్డాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. అతను కదలకపోవడంలో స్వార్థం లేదని నేననను. ఎటు కదిలినా ఒక ప్రమాణం విరిగేదన్నది మాత్రం నితార్డ్ పట్టించుకోని సంగతి.

ఎటూ కదలనివాణ్ని గెలిచినవాళ్లు క్షమించరు. 842లో చార్లెస్ తులూజ్‌ని అక్ఫ్రెడ్ అనేవాడికి ఇచ్చాడు. బెర్నార్డ్ వదిలిపెట్టలేదు. 843 ఆగస్టులో వెర్దన్ ఒప్పందంతో అన్నదమ్ములు ముగ్గురూ సామ్రాజ్యాన్ని పంచుకున్నారు, అక్విటేన్ చార్లెస్ వాటాకి వచ్చింది. బెర్నార్డ్‌లాంటి వాళ్లకి అంతవరకూ ఉన్న కాస్త జాగా, ఒక రాజు దగ్గర పోయినది ఇంకో రాజు దగ్గర దొరుకుతుందన్న ఆశ, ఆ ఒప్పందంతో పోయింది.

844లో చార్లెస్ తులూజ్ ముట్టడించాడు. బెర్నార్డ్ చిక్కాడు. ఫ్రాంకుల తీర్పు ప్రకారం రాజద్రోహానికి మరణశిక్ష పడింది. పెద్దపెద్ద ఆశలు పెట్టుకుని అందని ఎత్తులకి ఎగబాకాడని చార్లెస్ పక్షపు వృత్తాంతం ఒక్క వాక్యంలో ముగించింది. జర్మనీ వైపు రాసిన ఫుల్డా వృత్తాంతం చెప్పేది కాస్త వేరు: ఏమరుపాటుగా ఉన్నప్పుడు పట్టుకుని చంపారట. చార్లెస్ తన చేత్తోనే పొడిచాడనీ, అసలు బెర్నార్డే అతని కన్నతండ్రి అనీ ఒక కథ తర్వాత బాగా ప్రచారమైంది. అది వందల ఏళ్ల తర్వాత ఎవరో కల్పించిన రాత, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 830 నాటి పుకారు ఎంత ఆయుష్షు పోసుకుందో చూడడానికి తప్ప.

అప్పటికి విలియమ్‌కి పదిహేడేళ్లు. తల్లి చెప్పిన వరసలోనే నడిచాడు. తండ్రిని చంపిన రాజుని వదిలి రెండో పెపిన్ పక్షం చేరాడు. 848లో తండ్రి ఒకప్పుడు ఏలిన బార్సిలోనాని ఉపాయంతో పట్టుకున్నాడు. 850 ప్రాంతంలో అక్కడే పట్టుబడి తలపోగొట్టుకున్నాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు.

పేరు తెలియని ఆ రెండోవాడే తర్వాత అక్విటేన్‌లో తిరుగులేని దొరగా ఎదిగిన బెర్నార్డ్ ప్లాంతవెల్యూ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అతని కొడుకు విలియమ్ 910లో క్లూనీ మఠానికి భూమి ఇచ్చాడు. పుట్టగానే తల్లి ఒడిలోంచి తీసుకుపోయిన బిడ్డ వైపు వంశం నిలబడింది, తల్లి రాసిన పుస్తకం చేతిలో ఉన్న కొడుకు మిగల్లేదు.

దువోడా పుస్తకానికి ఇప్పటికి దొరికిన చేతిరాత ప్రతులు చాలా తక్కువ. ఒకటి పారిస్‌లో ఉంది, కొన్ని ముక్కలు నీమ్‌లో ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దంలో ఎత్తిరాసిన మరో ప్రతి బార్సిలోనాలో ఉంది.